గోడెక్కిన కథలు, అటకెక్కిన పుస్తకాలు

కొత్త ఫ్లాట్‌కి ఇంటీరియర్ డిజైన్ చేయించుకునే వాళ్ళకి ఒక ఉచిత సలహా. డిజైనర్ ఇంటికొచ్చే ముందే పుస్తకాల గురించి మీ ఆవిడా మీరూ ఒక మాట మీద ఉండండి. మేం లేకపోయాం, అందుకే ఇదంతా.

వచ్చినమ్మాయి చాలా చురుకైన మనిషి. హాలంతా ఒకసారి కలయజూసి, లాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మ తిప్పి చూపించింది. "సార్, ఈ గోడకి చేర్యాల పెయింటింగ్ పెద్దది ఒకటి పెడదాం. ఎదురుగా కలంకారీ ప్యానెల్. ఎత్నిక్ లుక్ వస్తుంది. ఈ పుస్తకాలు మాత్రం లాఫ్ట్‌లోకి ఎక్కించేద్దాం, దుమ్ము పడతాయి. మరీ కావాలంటే మంచి బైండింగ్ ఉన్నవి ఒక పాతిక తీసి, రంగుల వారీగా సర్దుదాం" అంది.

ఆ పుస్తకాలు మా నాన్నగారివి. నాలుగు అట్టపెట్టెలు. ఆయన పోయాక మా ఊరి ఇంట్లోంచి తెచ్చుకున్నవి. నాకు చిర్రెత్తుకొచ్చింది కానీ, చెప్పొద్దూ, సమాధానం మాత్రం తోచలేదు. ఎందుకంటే ఆ పెట్టెలు నాలుగేళ్ళుగా అలాగే ఉన్నాయి, నేను విప్పింది రెండుసార్లే. మా పాపకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అంటే ఇంకో పదిహేనేళ్ళకి ఆ పుస్తకాలు మా ఇంట్లో ఎలాగూ అలంకారమే. ఆ డిజైనర్ అమ్మాయి జరగబోయేదాన్ని కాస్త ముందుగా చెప్పింది, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టక చేర్యాల బొమ్మల గురించి చదవటం మొదలెట్టాను. అప్పుడు తెలిసింది అసలు తమాషా. నా పుస్తకాలు తీసేసి వాటి చోట పెడదామంటున్న ఆ బొమ్మ కూడా ఒకప్పుడు పుస్తకమే!

చేర్యాల ఇప్పుడు సిద్ధిపేట జిల్లాలో ఉంది, హైదరాబాదు నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడి నకాషి చిత్రకారులు గుడ్డకి చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఆరాక ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. ఇప్పుడు షాపుల్లో దొరికేవి చిన్న చిన్న చదరాలు. అసలువి అలా ఉండేవి కావు. మూడడుగుల వెడల్పు, ముప్ఫై అడుగులకి మించిన పొడవు ఉండే పటాలు. చాపలా చుట్టుకుని, ఊరూరా మోసుకుపోయి, రాత్రిపూట రెండు కర్రల మధ్య వేలాడదీసి, ఒక్కో అడ్డపట్టీ కిందికి దించుతూ కథ చెప్పేవాళ్ళు. మన భాషలో చెప్పాలంటే స్క్రోలింగ్ :-)

ఆ కథలు ఎవరికి పడితే వాళ్ళకి చెప్పేవి కావు. ఒక్కో కులానికి ఒక్కో కథకుల బృందం ఉండేది. పద్మశాలీలకి కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు. ముదిరాజులకి కాకిపడగల వాళ్ళు, మాదిగలకి జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్ళు. మీ కులం ఎలా పుట్టింది, మీ మూలపురుషుడెవరు, ఆయనేం ఘనకార్యం చేశాడు, ఇవన్నీ పటం చూపిస్తూ వివరించేవాళ్ళు. ఊళ్ళో ఎవరూ పెద్దగా పట్టించుకోని కులానికి కూడా తనదంటూ ఒక పురాణం, అందులో తనదే పెద్దపీట. అది ఆ జనానికి ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. స్ఫూర్తినిచ్చే పుస్తకాలు అంటూ మనం ఎయిర్‌పోర్టులో కొనుక్కునేవి దీని ముందు ఏపాటి?

తర్వాత సినిమాలొచ్చాయి, టీవీ వచ్చింది. రాత్రంతా కూర్చుని కథ వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. కథకులు తగ్గిపోయారు. కథకుడు లేకపోతే ముప్ఫై అడుగుల పటం ఎవరు చేయించుకుంటారు? చిత్రకారులు బతకాలి కదా, అందుకని పటాన్ని ముక్కలు చేసి ఫ్రేము కట్టేంత సైజుకి తెచ్చారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, అలా మారబట్టే ఆ కళ ఈమాత్రమైనా మిగిలింది. కానీ జరిగిందేమిటంటే, ఫైలు మిగిలింది, దాన్ని తెరిచే ప్రోగ్రాం పోయింది. మన హాల్లో గోడ మీద ఉన్నది ఏ కథలో ఏ ఘట్టమో మనకి తెలీదు. మంచి రంగులు, అంతే.

కలంకారీదీ ఇంచుమించు ఇదే కథ. కలం, కారీ అన్నవి పర్షియన్ నుంచి వచ్చిన మాటలు. శ్రీకాళహస్తి పనివాళ్ళు దీన్ని తెలుగులో ఏమనేవారో తెలుసా? వ్రాతపని. బొమ్మ వేయడం అనలేదు, రాయడం అన్నారు. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. వెదురుపుల్లకి ఉన్ని చుట్టి కలం చేసుకుంటారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెడితే వచ్చే ద్రావణం కరక్కాయ పట్టించిన గుడ్డని తాకగానే నల్లబడుతుంది. పటిక రాసినచోట ఎరుపు పట్టుకుంటుంది. ప్రతి రంగుకీ ఒకసారి ఉడకబెట్టడం, స్వర్ణముఖి నీళ్ళలో జాడించడం, ఎండబెట్టడం. ఒక్క గుడ్డకి వారాల పని.

ఇంత కష్టపడి రాసేది గుళ్ళో వేలాడదీసే తెరల కోసం. మధ్యలో పెద్ద పట్టాభిషేకం, చుట్టూ వరసల్లో చిన్న చిన్న గళ్ళలో కథ, గళ్ళ వెంట తెలుగులో రాతలు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 19వ శతాబ్దపు శ్రీకాళహస్తి రామాయణం తెర ఒకటుంది, బొమ్మల్తో పాటు తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. అంటే చదువొచ్చినవాడు చదువుకుంటాడు, రానివాడు చూసి తెలుసుకుంటాడు. అచ్చమైన బొమ్మల పుస్తకం.

ఇంటి అలంకరణ అన్నాం కాబట్టి ఇంకో ముక్క. బందరు వైపు తయారైన అద్దకం గుడ్డలు, కోరమాండల్ తీరంలోని మిగతా రకాలూ 17వ శతాబ్దంలో యూరపులో పెద్ద మోజు. అక్కడి దొరల మంచాలకి తెరలు, గోడలకి వేలాడే గుడ్డలు ఇవే. ఆ మోజుకి అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి మీద చట్టం చేసింది. అదీ చాలక 1721లో చాలా రకాల అద్దకం నూలుబట్టల్ని ఒంటి మీద వేసుకోవడమే కాదు, ఇంట్లో సామాన్లకి వాడటం కూడా నేరం చేసింది. మన కర్టెన్ గుడ్డ కోసం పార్లమెంటు చట్టాలు చెయ్యాల్సి వచ్చిందన్నమాట! 20వ శతాబ్దం సగానికొచ్చేసరికి శ్రీకాళహస్తిలో ఆ పని తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. కమలాదేవి చటోపాధ్యాయ పట్టుదల వల్ల 1950ల చివర్లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి, మిగిలిన పెద్దవాళ్ళ చేత కుర్రాళ్ళకి నేర్పించారు. మన హాల్లోకి ఇవాళ కలంకారీ ప్యానెల్ వస్తోందంటే ఆవిడ చలవే.

సరే, ఇక గోడ దిగి అటక మీదకెక్కుదాం.

పుస్తకాన్ని అటక మీద పెట్టడం మనం కొత్తగా కనిపెట్టింది కాదు లెండి. తాటాకు పుస్తకాల కాలంలోనూ అంతే. చాలా ఇళ్ళలో కట్టలు అటక మీదే, పొగచూరుతూ. సరస్వతీ పూజనాడు దించి, పసుపూ కుంకుమా పెట్టి, మళ్ళీ ఎక్కించేవాళ్ళు. లోపల ఏముందో చదివేవాళ్ళు తగ్గిపోయారు. పుస్తకం దేవుడైపోయాక ఇక చదవక్కర్లేదు కదా.

ఆ కట్టల్ని దింపించిన మహానుభావుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1817లో మద్రాసు వచ్చేదాకా ఆయనకి తెలుగు అక్షరం ముక్క రాదు. 1820లో కడపలో ఉద్యోగం. తర్వాత బందరులో ఉండగా, 1824లో, దుబాయ్ అనే ఫ్రెంచి క్రైస్తవ గురువు హిందువుల ఆచారాల మీద రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన చూశాడు. ఎవరీ వేమన అని వెతకడం మొదలెట్టాడు. గమనించారా? మన వేమనని బ్రౌన్‌కి పరిచయం చేసింది ఒక ఫ్రెంచాయన పుస్తకం! నాకిది ఎప్పుడు గుర్తొచ్చినా ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరో దారిన పోతూ "ఇదొకటుంది, చూడు" అంటే, ఇంకెవరి జీవితమో మొత్తం ఆ దారి పట్టడం.

బ్రౌన్ పద్ధతి మన వాళ్ళకి బాగా నచ్చుతుంది. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. లేఖకుల్ని పెట్టి శుభ్రంగా కాపీ చేయించేవాడు. పండితులు ఆ ప్రతుల్ని పక్కపక్కన పెట్టుకుని తేడాలు గుర్తించేవాళ్ళు. తేడాలన్నీ చూసి ఏ పాఠం సరైనదో తేల్చేవాళ్ళు. డిఫ్, మెర్జ్, రివ్యూ, మూడూ ఉన్నాయి. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. 1839లో రెండో కూర్పు 1164 పద్యాలతో వచ్చింది. 1852లో నిఘంటువు. కడపలో తన సొంత డబ్బుతో బంగళా కొని, పండితులకి జీతాలిచ్చి అక్కడ పని చేయిస్తే, జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. జీతం చాలక అప్పులూ చేశాడు. ఆయన సేకరించిన ప్రతులు ఇవాళ్టికీ చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలో ఆ బంగళా శిథిలమైన చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో బ్రౌన్ పేరిట గ్రంథాలయం లేచింది. అటువైపు వెళ్తే తప్పకుండా చూడండి.

బ్రౌన్ పుస్తకాల్ని కాపాడాడు సరే, అవి మామూలు ఇళ్ళలోకి ఎలా వచ్చాయి? ఇది నాకు ఇంకా ఇష్టమైన కథ. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. ఎక్కడ? రావిచెట్టు రంగారావు గారింట్లో. నిజాం రాజ్యంలో తెలుగుకి ఆదరణ లేని రోజుల్లో ఒకాయన తన ఇంటిని గ్రంథాలయానికి ఇచ్చాడు. ఆ పనిలో ముందున్న కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. తెలుగువాళ్ళకి చరిత్ర, సైన్సు, జీవితచరిత్రలు చవగ్గా తెలుగులో అందించాలని ఉద్దేశం. వాళ్ళు వేసిన మొదటి పుస్తకం ఏమిటో తెలుసా? పురాణమూ కాదు, ప్రబంధమూ కాదు. అబ్రహాం లింకన్ చరిత్ర, 1907లో. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు.

కట్టెల గుడిసెలో పుట్టి, అరువు పుస్తకాలు చదువుకుని అధ్యక్షుడైన మనిషి కథని, బానిసల్ని విడిపించినవాడి కథని, పరాయి పాలనలో ఉన్న తెలుగువాడికి మొట్టమొదటి పుస్తకంగా ఇవ్వాలని తోచడం చూడండి. స్ఫూర్తినిచ్చే పుస్తకం అంటే అప్పట్లో ఇదీ అర్థం. రాసినాయన ఊరికే రాసి ఊరుకోలేదు. మరుసటేడే, 1908లో, స్వరాజ్య పత్రికలో రాసిన రాతలకి జైలుకెళ్ళాడు. బయటికొచ్చాక గ్రంథాలయాలు, వయోజన విద్య అంటూ జీవితమంతా తిరిగాడు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళందర్నీ ఒకచోట చేర్చాక అది ఉద్యమమే అయ్యింది. 1935లో పాతూరి నాగభూషణం గారి బృందం కృష్ణా డెల్టా కాలవల్లో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పడవ ఆగిన చోట జనం పాత పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్ళు. పుస్తకం కోసం మనిషి పోవడం కాదు, పుస్తకమే మనిషిని వెతుక్కుంటూ రావడం. ఆ తర్వాత ఎమెస్కో వాళ్ళ పాకెట్ బుక్కులు, ఇంటింటా గ్రంథాలయం. మా నాన్నగారి పెట్టెల్లో సగం అవే. గుమాస్తా జీతంలోంచి నెలకి ఇంత అని పక్కన పెట్టి కొన్నవి.

ఇప్పుడు అర్థమైందా నాకెందుకు నిద్ర పట్టలేదో? ఒకాయన అటక మీంచి దింపించాడు. ఒకాయన ఇల్లిచ్చాడు. ఒకాయన జైలుకెళ్ళాడు. ఇంకొకాయన పడవలో మోశాడు. మా నాన్న జీతం మిగిల్చాడు. ఇంతమంది చేతులు మారి నా దాకా వస్తే, నేను మళ్ళీ అటక ఎక్కించబోతున్నాను. అది కూడా దుమ్ము పడుతుందని!

స్ఫూర్తి కోసం ఏం చదవాలి, ఏం చూడాలి అని తోటి ఉద్యోగులు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. ఈ సందర్భంలో ఒక పుస్తకం, రెండు సినిమాలు చెప్తాను. మూడూ ఇంటి గురించే.

పుస్తకం 'ఏడుతరాలు'. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'కి సహవాసి తెలుగు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. పెట్టెలో నాన్నగారి కాపీ దొరికింది, అట్ట ఊడిపోయి. ఆఫ్రికా నుంచి బానిసగా అమ్ముడుపోయిన కుంటా కింటే, తన ఊరి పేరు, నది పేరు, కొన్ని మాటలు కూతురికి చెప్తాడు. ఆ కూతురు తన కొడుక్కి. అలా ఏడుతరాలు. ఆఫ్రికాలో వంశకథలు నోటికి చెప్పే గ్రియోలు వస్తారు ఇందులో. వాళ్ళని చదువుతుంటే నాకు మన కూనపులి వాళ్ళే గుర్తొచ్చారు. నిజం చెప్పాలి కాబట్టి ఇది కూడా చెప్తాను. హేలీ చూపించిన వంశవృక్షం రికార్డులతో సరిపోలలేదని పరిశోధకులు తర్వాత తప్పుపట్టారు. వేరే రచయిత నవల్లోంచి భాగాలు తీసుకున్నాడన్న కేసు 1978లో రాజీతో ముగిసింది. చరిత్రగా కాకుండా నవలగా చదవండి. దాని బలం ఎక్కడికీ పోదు.

సినిమాల్లో మొదటిది 'గరం హవా', ఎం.ఎస్.సత్యు తీశారు. దేశవిభజన తర్వాత ఆగ్రాలో ఉండిపోయిన ఒక ముస్లిం కుటుంబం కథ. సొంత హవేలీ వదలాల్సి వస్తే ముసలమ్మ రానని దాక్కుంటుంది. చివరి ఘడియల్లో ఆవిణ్ణి మళ్ళీ ఆ ఇంటికే మోసుకొస్తారు. ఇల్లంటే ఏమిటో ఆ ఒక్క సన్నివేశం చెప్తుంది. రెండోది మన 'ముత్యాల ముగ్గు', 1975. ఉత్తర రామాయణాన్ని బాపు రమణలు ఒక తెలుగింట్లోకి దించారు. ఈ రెండిటికీ కెమెరా ఒకరే, ఇషాన్ ఆర్య. ముత్యాల ముగ్గుకి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. స్టూడియో సెట్లు లేకుండా ఆరుబయట వెలుతురులో తీసిన తీరు చూస్తే, ఇంటికి అందం తెచ్చేది సామాను కాదు, వాకిట్లో ముగ్గూ, పొద్దున పడే వెలుగూ అనిపిస్తుంది. ఖర్చులేని ఇంటీరియర్ డిజైన్!

ఇంతకీ మా హాలు సంగతి. డిజైనర్ అమ్మాయికి చెప్పాను, పుస్తకాలు హాల్లోనే ఉంటాయని. మా పాప చెయ్యి అందేంత ఎత్తులో, అద్దాల తలుపుల్లేకుండా. దుమ్ము నేను తుడుచుకుంటానని మా ఆవిడకి రాతపూర్వకంగా హామీ ఇచ్చాను. చేర్యాల బొమ్మ వద్దనలేదు, చిన్నది ఒకటి కొన్నాం. కానీ ఒక షరతు పెట్టుకున్నాను. అమ్మేవాళ్ళనడిగి అందులో ఉన్న కథేమిటో తెలుసుకున్నాకే గోడకి కొట్టాలని. అడిగితే వాళ్ళు ఎంత సంతోషంగా చెప్పారో! ఇన్నాళ్ళూ అందరూ రేటు మాత్రమే అడిగారట.

గత రెణ్ణెల్లుగా రాత్రి పడుకునే ముందు పదిహేను నిమిషాలు పాపకి నాన్నగారి పుస్తకాల్లోంచి చదివి వినిపిస్తున్నాను. రిలీజు ఉన్న వారం కుదరదు, ఒప్పుకుంటాను. మొదట్లో ఆవులించేది. మొన్నొకరోజు నేను చదువుతుంటే పేజీ మీద వేలు పెట్టి "నాన్నా, ఇది 'అ' కదా" అంది. వేమన పుస్తకంలో అది. ఒక్క అక్షరమే. దానికే పెద్దగా పొంగిపోకూడదని నాకూ తెలుసు, రేపు మళ్ళీ ఐప్యాడ్ అడుగుతుంది.

కానీ ముప్ఫై అడుగుల పటం చుట్ట కూడా మొదటి అడ్డపట్టీ దించితేనే కదా మొదలయ్యేది. మీ ఇంట్లో అటక మీద ఏమున్నాయో ఈ ఆదివారం ఒకసారి చూడండి. ఒక్కటి కిందికి దింపండి. చాలు.